మా అవ్వ కాళ్లలో సత్తువ ఎటు పోయింది? వరంగల్ పరిశోధకులకు ఒక బహిరంగ లేఖ

కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, కాకతీయ వైద్య కళాశాల, కాకతీయ విశ్వవిద్యాలయం, వరంగల్ నిట్‌లలో పనిచేస్తున్న ఆచార్యులకు, డాక్టర్లకు, పరిశోధక విద్యార్థులకు నమస్కారం.

నేను జిల్లా పరిషత్ బడుల్లో 31 ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరయ్యాను. పరకాల దిక్కు కొన్నేళ్లు, నర్సంపేట దిక్కు కొన్నేళ్లు, చివరికి హసన్‌పర్తి దగ్గర. ఆడపిల్లలకు ఖోఖో నేర్పడమంటే నాకు ప్రాణం. డాక్టరు చదువు చదవలేదు గానీ, ఏ కండ ఎప్పుడు మాట వింటుందో, ఎప్పుడు మొరాయిస్తుందో రోజూ గ్రౌండులో నిలబడి చూసినదాన్ని. ఆ చనువుతోనే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అవ్వకు 84 ఏళ్లు. మా ఇంట్లో అమ్మను అవ్వ అనే పిలుస్తాం. నలభై ఏళ్లకు పైగా నాట్లేసింది, కలుపు తీసింది, పత్తి ఏరింది. ఇద్దరు పట్టి లేపితే గానీ నెత్తికెక్కని గడ్డిమోపును మోసుకుంటూ చెరువు కట్ట మీద నుంచి ఇంటికి నడిచి వచ్చేది. పోయిన వానాకాలం జ్వరం వచ్చి, అది నిమోనియాలోకి దిగితే ఒక ఆసుపత్రిలో చేర్చాం. పది రోజులు ఉంచారు. మందులు బాగానే పనిచేశాయి, జ్వరం పోయింది, ఆయాసం తగ్గింది. పదకొండో రోజు ఇంటికి తీసుకొస్తే ఆటోలోంచి దిగలేకపోయింది. ఆసుపత్రికి తన కాళ్ల మీద నడిచి వచ్చిన మనిషిని నేనూ మా తమ్ముడూ చెరో రెక్క పట్టుకుని దించాం. ఆ రాత్రి బాత్రూంలో కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. నన్ను పిలవడానికి సిగ్గుపడి ఎంతసేపు అట్లా ఉందో తెలియదు. నేను పోయేసరికి గోడకున్న పంపును రెండు చేతులతో పట్టుకుని, చీర కొంగు తడిసి, "ఈ కాళ్లు నాయి గావే బిడ్డా" అంది.

చూపించుకోవడానికి మళ్లీ పోయినప్పుడు డాక్టరుగారిని అడిగాను. "ఎనభై నాలుగేండ్లమ్మా. వయసైపోయింది. ఇంక ఇంతే అనుకోవాలె" అన్నారు. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అవసరం లేదు. ఇంకో ఆసుపత్రికి పోయినా అదే మాట వినేవాళ్లమని నా నమ్మకం. ఆ పది రోజుల్లో ఆమెను ఒక్కసారి కూడా మంచం మీద నుంచి దించి నిలబెట్టలేదు. నేను లేపబోతే, "పడితే మా మీదికొస్తది, పండుకోనియ్యండి" అన్నారు. వార్డులో అంతమంది రోగులకు ఇద్దరే నర్సులు. వాళ్ల భయం నాకు అర్థమైంది. నాకు అర్థం కానిది వేరే. కాళ్లకు దెబ్బ తగల్లేదు, పక్షవాతం రాలేదు. జ్వరం వచ్చింది ఊపిరితిత్తులకు. మరి కాళ్లలో సత్తువ ఎటు పోయింది?

నా దగ్గర ఖోఖో ఆడిన ఒక పిల్ల ఇప్పుడు ఫిజియోథెరపిస్టు. అవ్వను చూడటానికి వచ్చినప్పుడు ఆమె నోటి నుంచే మొదటిసారి సార్కోపీనియా అనే మాట విన్నాను. వయసుతో కండ, దాని బలం తరిగిపోవడమే అది. 1988లో జరిగిన ఒక సమావేశంలో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే అమెరికన్ పోషకాహార శాస్త్రవేత్త ఈ పేరు ప్రతిపాదించారు. గ్రీకులో సార్క్స్ అంటే మాంసం, పీనియా అంటే లేమి. అంతకుముందు దీనికి పేరే లేదు. పేరు లేనిదాన్ని ఎవరు పరీక్షిస్తారు, ఎవరు పరిశోధిస్తారు? పేరు పెట్టాక కూడా అమెరికా జబ్బుల పట్టికలో దీనికంటూ ఒక కోడ్ రావడానికి 2016 దాకా పట్టింది.

ఆ పిల్లే నాకు ఇంకో సంగతి చెప్పింది. 2007లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో, సగటున 67 ఏళ్ల వయసున్న పన్నెండు మందిని పది రోజులు మంచం మీదే ఉంచారు. వాళ్లు రోగులు కారు, ఆరోగ్యవంతులు. తిండి సరిగానే పెట్టారు. పది రోజుల తర్వాత చూస్తే, కొవ్వు తీసేసి లెక్కించినా, కాళ్లలో దాదాపు ఒక కిలో తగ్గింది. మా అవ్వ మొత్తం బరువే 42 కిలోలు. పైగా ఒంట్లో జ్వరం, నోట్లోకి ముద్ద పోని పది రోజులు. ఆమె కాళ్లలోంచి ఎంత పోయి ఉంటుందో మీరే లెక్క వేయగలరు.

మన దగ్గర ఈ సమస్యకు ఎన్ని మారుపేర్లున్నాయో చూడండి. మా వాడలో ఏ పెద్దమనిషిని అడిగినా "మోకాళ్లల్ల గుజ్జు అరిగింది" అంటారు. అరగడం చాలామందిలో నిజమే. కానీ ఆ మోకాలిని పట్టి ఉంచే తొడ కండను ఎవరూ తాకి చూడరు. మోకాలికి ఫొటో తీస్తారు, నొప్పి గోలీ రాస్తారు. ఊళ్లో అయితే "నరాల వీక్‌నెస్" అని చెప్పి సూది ఇస్తారు, లేదంటే గ్లూకోజు ఎక్కిస్తారు. సీసా ఎక్కితే సత్తువొస్తదని నమ్మి వందలు ఖర్చుపెట్టుకునే కూలి తల్లులు నాకు తెలుసు. చక్కెర నీళ్లతో తొడలో కండ పెరగదని వాళ్లకు ఎవరు చెప్పాలి?

నేను చదివి, అడిగి తెలుసుకున్నది మన రైతుల భాషలో చెప్తాను. తప్పుంటే మీరు దిద్దండి. కండలో సన్నని పోగులు ఉంటాయి. వెన్నుపాములోంచి వచ్చే ఒక్కో నరం కొన్ని పోగులకు కరెంటు ఇస్తుంది, ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద కొన్ని బోరు మోటార్లు నడిచినట్టు. వయసు మీదపడేకొద్దీ ఆ నరాల్లో కొన్ని చచ్చిపోతాయి. వాటి కింద ఉన్న పోగులు దిక్కు లేకుండా పడి ఉంటే, పక్క నరం కొత్త కొమ్మ వేసి వాటిని తన కిందికి తెచ్చుకుంటుంది. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ లోడంతా పక్కదాని మీద పడ్డట్టే. కొన్నాళ్లు నడుస్తుంది, ఆపైన అదీ మోయలేదు. కరెంటు అందని పోగు ఎండిపోతుంది, దాని జాగాలో కొవ్వు, పీచు చేరతాయి. అందుకే కాళ్లు చూడటానికి పెద్దగా సన్నబడకపోయినా బలం పోతుంది. డెబ్బై ఏళ్లు దాటినవాళ్లను ఏళ్ల తరబడి కొలిచిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనంలో కండ తరిగిన దానికంటే బలం దాదాపు మూడు రెట్లు వేగంగా తగ్గింది. అంటే కండను కొలిస్తే చాలదు, బలాన్ని కొలవాలి.

పోగుల్లోనూ రకాలున్నాయి. నిదానంగా, అలుపు లేకుండా పనిచేసేవి కొన్ని. ఒక్క క్షణంలో ఎగిసి పనిచేసి వెంటనే అలిసిపోయేవి కొన్ని. వయసు ఎక్కువగా దెబ్బతీసేది ఈ రెండో రకాన్ని. ఇది చదివినప్పుడు నాకు మా గ్రౌండే కళ్ల ముందు కనిపించింది. ఖోఖోలో ఎనిమిది మంది వరుసగా మునికాళ్ల మీద కూర్చుని ఉంటారు. వెనక నుంచి "ఖో" అని వీపు మీద చెయ్యి పడగానే ఆ పిల్ల కన్ను మూసి తెరిచేలోగా లేచి ఉరకాలి. ఆ లేవడం వేగపు పోగుల పని. ముప్పై ఏళ్లు నేను పిల్లల్లో పెంచింది దాన్నే. మా అవ్వ బాత్రూంలో పోగొట్టుకున్నదీ దాన్నే. గడప తట్టుకున్నప్పుడు ఒళ్లు ముందుకు తూలకుండా కాలును టక్కున ముందుకు వేసేదీ ఆ పోగులే. అవి లేకనే ముసలివాళ్లు పడతారు, తుంటి విరుగుతుంది. తుంటి విరిగాక మంచం, మంచం పట్టాక మళ్లీ కండ తరుగుడు. ఆ తర్వాత ఏం జరుగుతుందో మీలో ప్రతి ఒక్కరూ ఎవరో ఒకరి ఇంట్లో చూసే ఉంటారు.

దెబ్బతిన్న కండను బాగుచేసుకునే కణాలు మన ఒంట్లోనే ఉన్నాయి. 1961లో అలెగ్జాండర్ మౌరో అనే శాస్త్రవేత్త కప్ప కండను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తూ, పోగును ఆనుకుని నిద్రపోతున్నట్టున్న కణాలను గుర్తించారు. వాటిని శాటిలైట్ కణాలంటారు. దెబ్బ తగిలితే అవి లేచి, రెట్టింపై, పోగును అతుకుతాయి. ముసలితనంలో అవి తగ్గుతాయి, ఉన్నవి కూడా పిలిస్తే త్వరగా పలకవు. అవి ఎందుకు నిద్రపోతాయి, ఎట్లా మేలుకుంటాయి అన్న దాని మీద మన హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీలో జ్యోత్స్నా ధావన్ గారు ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ లోతైన పని హైదరాబాద్‌లో జరుగుతుంటే, మన అవ్వల కాళ్లు చూసే పని నూటనలభై కిలోమీటర్ల ఇవతల వరంగల్‌లో ఎందుకు జరగకూడదు?

మందులు వస్తాయి కదా, అప్పటిదాకా ఆగుదాం అనొచ్చు. నాకూ ఆశ ఉంది. 2021లో స్టాన్‌ఫర్డ్‌లో హెలెన్ బ్లా గారి బృందం ముసలి ఎలుకల కండలో పెరిగిపోయే ఒక ఎంజైమును నెల రోజులు అడ్డుకుంటే వాటి కండా బలమూ పెరిగాయని చూపింది. ఎలుకల్లో సంతోషమే. మనుషుల సంగతికొస్తే, బిమాగ్రుమాబ్ అనే మందును కండ తరిగిన పెద్దలకు ఇచ్చి చూశారు. కండ పెరిగింది. కానీ నడక, లేచి కూర్చోవడం లాంటి పనుల్లో, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకంటే మెరుగు కనపడలేదు. ఆ పరిశోధనలో రెండు జట్లకూ మంచి తిండి, తేలికపాటి వ్యాయామం ఇచ్చారన్నది గుర్తుపెట్టుకోవాలి. కండ చేరడం వేరు, ఆ కండ పనిలోకి రావడం వేరు. గ్రౌండులో ఈ తేడా మాకు తెలుసు. జిమ్ముకు పోయి భుజాలు పెంచిన పిల్లగాడు ఖోఖోలో ఒక్క మలుపు తిరగలేడు.

ఇప్పటిదాకా గట్టిగా నిలిచిన మందు ఒక్కటే, బరువు ఎత్తడం. 1990లో మరియా ఫియాటరోన్ గారు బోస్టన్‌లోని ఒక వృద్ధుల సంరక్షణ గృహంలో 86 నుంచి 96 ఏళ్ల వయసున్న పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. తేలిక బరువులు కావు, వాళ్లు ఎత్తగలిగినదాంట్లో ఎక్కువ భాగం. తొమ్మిదిమంది చివరిదాకా ఉన్నారు. వాళ్ల కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. నాలుగేళ్ల తర్వాత అదే పని వందమందితో చేస్తే, బలమూ నడక వేగమూ పెరిగాయి. అందులోనే తేలిన ఇంకో ముచ్చట ఏమిటంటే, వ్యాయామం లేకుండా పోషకాహార పానీయం ఒక్కటే ఇచ్చిన వాళ్లలో ఫలితం రాలేదు. డబ్బాల మీద డబ్బాలు పొడి కొని అమ్మానాన్నలకు పంపే పిల్లలు ఈ మాట వినాలి. "వయసైపోయింది" అనే తీర్పు చెల్లదని ఆ తొంభై ఏళ్లవాళ్లు అంతకాలం కిందనే నిరూపించారు.

అయితే తిండి సంగతి తోసిపారేయలేం. ముసలి కండకు అదే ప్రొటీను పెట్టినా పడుచు కండ అందుకున్నంతగా అందుకోదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఎదిగిన మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీను కావాలంది. వయసు మళ్లినవాళ్లకు 1 నుంచి 1.2 గ్రాములు అవసరమని 2013లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం చెప్పింది. మా అవ్వ లెక్కన అది 42 నుంచి 50 గ్రాములు. ఆమె పళ్లెం ఎట్లుండేదో చెప్తాను. పొద్దున చాయ్, రెండు బిస్కెట్లు. పగలు అన్నం, పచ్చిపులుసు. రాత్రి ఇంత పెరుగన్నం. గుడ్డు పెడితే "ముసల్దానికి గుడ్డెందుకే, పిల్లలకు పెట్టు" అని పళ్లెం అంచుకు జరిపేది. బతుకంతా మొగుడికి, పిల్లలకు, పశువులకు పెట్టి మిగిలింది తిన్న అలవాటు అది. దాన్ని మాన్పించడం బరువులు ఎత్తించడం కంటే కష్టమైంది.

ఇక నేను అసలు అడగాలనుకున్నది.

పని చేసిన ఒళ్లు గట్టిది అంటాం. మా అవ్వ కంటే ఎక్కువ పని చేసిన ఒళ్లు నేను చూడలేదు. మరి అంత పని చేసిన కాళ్లు పది రోజుల మంచానికే ఎందుకు చేతులెత్తేశాయి? బతుకంతా పరుగుపందేలు, బరువుల పోటీలు సాధన చేసిన ముసలి క్రీడాకారులను పడమటి దేశాల్లో బాగా పరీక్షించారు. వాళ్ల కండలు తోటివారి కంటే గట్టిగా ఉన్నాయని చూశారు. కానీ వాళ్లు కడుపునిండా తిని, విశ్రాంతి తీసుకుని, ఇష్టపడి చేసినవాళ్లు. అరకడుపుతో, బురదలో వంగి, కూలి కోసం చేసిన శ్రమ కండను కాపాడుతుందా, అరగదీస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు బోస్టన్‌లో దొరకదు. మన దగ్గర దొరుకుతుంది.

ఎందుకంటే ఉత్తర తెలంగాణ అంత మంచి ప్రయోగశాల ఇంకెక్కడుంది? మోకు ముత్తాదు వేసుకుని అరవై ఏళ్లు దాటినా తాడెక్కే గౌడన్నలున్నారు. వాళ్లది కాళ్లూ చేతులూ నడుమూ కలిపి ఒంటి బరువును పైకి లాగే పని, అచ్చం బరువులెత్తడమే. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల దిక్కు పన్నెండేళ్ల వయసు నుంచి చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు చుట్టిన బీడీ కార్మికులున్నారు. వాళ్ల వేళ్లు మెరుపులా ఆడతాయి గానీ, కాళ్లు పొద్దంతా మడతలోనే ఉంటాయి. కొత్తవాడలో మగ్గం మీద జంపఖానాలు నేసి పెద్దవాళ్లయినవారున్నారు. భూపాలపల్లిలో, రామగుండంలో బొగ్గు బాయి దిగి రిటైరైన సింగరేణి కార్మికులున్నారు. మా అవ్వలాంటి నాటు కూలీలు ప్రతి ఊళ్లో ఉన్నారు. అందరూ ఇంచుమించు ఒకే తిండి తిన్నవాళ్లు, ఒకే గాలి పీల్చినవాళ్లు. తేడా అంతా చేసిన పనిలోనే. ఒక్కొక్కరి చేతి పట్టు, కాలి బలం ఇప్పుడు కొలిచి, రెండేళ్లకోసారి మళ్లీ కొలిస్తే, ఏ పని కండకు మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తేలుతుంది. ఆలస్యం చేయడానికి లేదు. చిన్నప్పటి నుంచి తాడెక్కినవాళ్లు, చెయ్యి నాటు తప్ప యంత్రం ఎరగనివాళ్లు ఇంకో పదిహేనేళ్లకు మనకు దొరకరు.

కొలతల సంగతి కూడా చూడాలి. చేతి పట్టు మగవారిలో 28 కిలోల కంటే, ఆడవారిలో 18 కిలోల కంటే తక్కువుంటే, లేదా కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, ఆపైన పడితే అనుమానించాలని ఆసియా నిపుణుల బృందం 2019లో చెప్పింది. ఆ అంకెలు ప్రధానంగా జపాన్, చైనా, కొరియా లాంటి తూర్పు, ఆగ్నేయాసియా దేశాల సమాచారం మీద కట్టినవి. పదిహేడు దేశాల్లో దాదాపు లక్షా నలభై వేలమందిని పరీక్షించిన ప్యూర్ అనే అధ్యయనం 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. చేతి పట్టు అయిదు కిలోలు తగ్గితే మరణం ముప్పు 16 శాతం పెరుగుతుందని అందులో తేలింది. మన దక్షిణాసియా వాళ్ల పట్టు మిగతా చాలా ప్రాంతాల కంటే తక్కువని కూడా అదే అధ్యయనం చూపింది. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ గారు, మన పిల్లలు పుట్టుకతోనే కండ తక్కువగా, కొవ్వు ఎక్కువగా పుడుతున్నారని ఎప్పటి నుంచో చెప్తున్నారు. అసలే తక్కువ మూలధనంతో మొదలైన ఒంటికి, మంచి మూలధనంతో మొదలైనవాళ్ల గీత ఎట్లా సరిపోతుంది? 2017-18 జాతీయ వృద్ధుల సర్వేలో దేశమంతటా 45 ఏళ్లు దాటిన 72 వేలమందికి పైగా మనుషులను చూశారు, చేతి పట్టు కూడా కొలిచారు. అది దేశం లెక్క. నాటు కూలికీ బీడీ కార్మికురాలికీ తేడా చెప్పే లెక్క మన దగ్గర మనమే కట్టుకోవాలి.

దీనికి కోట్లు అక్కర్లేదు. ఒక కుర్చీ, ఒక ఫోను చాలు, లేచి కూర్చునే పరీక్ష అయిపోతుంది. ఆశా కార్యకర్తలు ఇప్పటికే ఇంటింటికీ తిరిగి బీపీ, షుగరు పరీక్షలకు మనుషులను పంపిస్తున్నారు. ఊళ్లో ముసలివాళ్లంతా పింఛన్ల కోసం పోస్టాఫీసు దగ్గర చేరతారు. పింఛను అందుకునే ఆ చేతి పట్టును అక్కడే ఏడాదికోసారి కొలిస్తే ఎంత సమాచారం వస్తుందో ఆలోచించండి. నిట్ పిల్లలు తలచుకుంటే చేతి పట్టు కొలిచే పరికరాన్ని చవకగా, ఊరి దుమ్ముకు చెడిపోకుండా తయారుచేయలేరా? వైద్య కళాశాల వారికి ఇంకో అవకాశం ఉంది. తుంటి ఆపరేషన్లు చేసేటప్పుడు రోగి ఒప్పుకుంటే, కోతలో బయటపడే కండలోంచి గోరంత ముక్క తీసి దాచవచ్చు. ఒప్పుకోకపోతే బలవంతం వద్దు. ఎందుకు అడుగుతున్నారో తెలుగులో నిదానంగా చెప్తే మనవాళ్లు కాదనరు. కోపమొచ్చేది ఏమీ చెప్పకుండా సంతకం పెట్టించుకున్నప్పుడే.

ఒక విన్నపం ఇప్పుడే, పరిశోధన ఫలితాల కోసం ఆగకుండా చేయదగినది. అరవై దాటిన మనిషి ఏ జబ్బుతో ఆసుపత్రిలో చేరినా, చేరిన రోజు ఒకసారి, పంపే రోజు ఒకసారి, కుర్చీలోంచి లేవగలరా అని చూసి కేసు షీటులో రాయండి. లేవదగిన స్థితిలో ఉంటే రోజుకు రెండుసార్లయినా మంచం దించండి. నర్సులు చాలరని నాకు తెలుసు. వెంట ఉన్నవాళ్లకు నేర్పండి. ఆ పది రోజులూ నేను అవ్వ పక్కన స్టూలు మీద ఖాళీగానే కూర్చున్నాను. 31 ఏళ్లు పిల్లలను లేపి ఉరికించినదాన్ని, మా అవ్వను ఎట్లా లేపాలో ఒక్కరు చూపించి ఉంటే చేసి ఉండేదాన్ని. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

మీరు ఏది కనుక్కున్నా, ఇంగ్లిషు పత్రికలో అచ్చయిన తర్వాత తెలుగులో మాకు కూడా చెప్పండి. మీలో కొందరి విశ్వవిద్యాలయానికి ప్రజల భాషలో రాసిన కాళోజీ పేరుంది. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని రాష్ట్రమంతా భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. సార్కోపీనియాకు ఒక తెలుగు మాట కావాలి. అవ్వ అనే "సత్తువ" అన్న మాటతోనే "సత్తువ తరుగుడు" అన్నా నాకు బాగానే ఉంది.

అవ్వ సంగతి చెప్పి ముగిస్తాను. మా శిష్యురాలు చెప్పినట్టే మొదలుపెట్టాం. మూత్రపిండాల పరీక్ష చేయించి, ప్రొటీను పెంచవచ్చని డాక్టరు చెప్పాకే తిండి మార్చాం. పొద్దున గుడ్డు, పాలు. పగలు అన్నంలో గట్టి పప్పు. సాయంత్రం పెసర గుడాలు. కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచి, చేతులు ఆన్చి లేవడం దగ్గర మొదలుపెట్టాం. మొదటి రోజు చేతులు ఆన్చకుండా ఒక్కసారి కూడా లేవలేకపోయింది. మూడో వారం ఒక దిండు తీసేశాం. ఆరో వారం చేతులు ఛాతీ మీద పెట్టుకుని ఒక్కసారి లేచింది, లేచి నిలబడి నన్ను చూసి నవ్వింది. ఇప్పుడు అరకిలో కందిపప్పు గుడ్డ సంచిలో పోసి చీలమండకు కట్టి కాలు చాపిస్తున్నాను. కుర్చీలోంచి లేపేటప్పుడు వెనక నిలబడి వీపు మీద చెయ్యి వేసి "ఖో" అంటాను, ఆమె లేస్తుంది. పోయిన సోమవారం అయిదుసార్లు లేచి కూర్చోవడానికి 17 సెకన్లు పట్టింది. ఆ 12కు ఇంకా అయిదు సెకన్ల దూరం. వచ్చే మేడారం జాతరకు గద్దెల దాకా నడిచే పోతానంటోంది.

మీరు లెక్క మొదలుపెడితే మొదటి పేరు ఆమెది రాసుకోండి. ఒప్పుకుంది, నేనే అడిగాను. పొద్దున తొమ్మిది తర్వాత ఎప్పుడు వచ్చినా పర్లేదు, అప్పటికి గుడ్డు తినేసి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయురాలు,
హనుమకొండ